పెళ్లయితే పిచ్చి, పిచ్చి కుదిరితే పెళ్లి

బెర్లిన్ వచ్చిన మొదటి నెలంతా మా అమ్మ చెప్పే సామెతే గుర్తొచ్చేది: పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఇల్లు కావాలంటే ఓనర్లు మూడు నెలల జీతం స్లిప్పులు అడిగేవారు, నేను ఉద్యోగంలో చేరి వారమే అయింది. దానికి తోడు షూఫా కాగితం. అప్పులూ బిల్లులూ సరిగ్గా కట్టే మనిషేనా అని చెప్పే చరిత్ర అది. నాకు ఇక్కడ చరిత్ర ఎక్కడిది? ఇల్లు దొరికితేనే ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. అందుకు ఓనరు సంతకం చేసిన కాగితం ఉండాలి. నమోదయ్యాకే 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. చివరికి ఒక పెద్దావిడ తన ఇంట్లో ఒక గది ఇచ్చి, ఆ సంతకం పెట్టింది.

ఆఫీసులో నాకిచ్చిన మొదటి పని కూడా సరిగ్గా ఇలాంటిదే. విడిభాగాల గోడౌన్ల కోసం కొత్త సిస్టమ్ కడుతున్నారు. ఖాళీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మొదటి రికార్డులు నింపాలి, సీడింగ్ అన్నమాట. ఒక టేబుల్ ఇంకో టేబుల్‌ని వేలెత్తి చూపిస్తుంటుంది కాబట్టి వరస ముఖ్యం: ముందు రాష్ట్రాలు, తర్వాత ఊళ్లు, తర్వాత గోడౌన్లు, ఆ తర్వాతే మనుషులు. 16 రాష్ట్రాలే కదా, పూటలో అయిపోతుందనుకున్నాను.

ఊరి పేరు రెండోసారి రాకూడదని షరతు పెట్టాను. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర, రికార్డులు నింపే నా స్క్రిప్ట్ ఆగిపోయింది. మైన్ నది ఒడ్డున ఒకటి, పోలండ్ సరిహద్దులో ఓడర్ ఒడ్డున ఇంకొకటి ఉన్నాయి. పిన్ కోడ్‌కి అంకెల కాలమ్ పెట్టాను, మన పిన్ కోడ్ ఎప్పుడూ సున్నాతో మొదలవదు కాబట్టి ఆ ఆలోచనే రాలేదు. డ్రెస్డెన్ 01067 కాస్తా 1067 అయి కూర్చుంది. పక్క సీటాయన చూసి, "ఇది ఆస్ట్రియాలో ఊరా?" అన్నాడు. అక్కడివి నాలుగంకెలేనట.

అసలు ముడి గోడౌన్ దగ్గర పడింది. ప్రతి గోడౌన్‌కీ మేనేజర్ ఉండి తీరాలి, మేనేజర్ ఏదో ఒక గోడౌన్‌కి చెంది తీరాలి. ఏది ముందు వేసినా రెండోది లేదని తిప్పికొడుతుంది. అమ్మ సామెతే! దీనికి పోస్ట్‌గ్రెస్‌లో మంచి దారి ఉంది. ఆ లింకును 'డిఫరబుల్ ఇనీషియలీ డిఫర్డ్' అని పెట్టుకుంటే, రెండు రికార్డులనూ ఒకే లావాదేవీలో వేసేదాకా ఊరుకుని, చివర్లో అంతా ఖాయం చేసే కమిట్ దగ్గర లెక్క చూస్తుంది. ఇక్కడి ఆఫీసుల్లో నాకు ఆ సౌకర్యం ఎవరూ ఇవ్వలేదు.

ఒకరినొకరు చూపించుకోవాలి కాబట్టి 23 మంది ఉద్యోగుల ఐడీలు, 1 నుంచి 23 దాకా, చేత్తోనే రాశాను. తప్పు అక్కడే చేశాను. మనం చేత్తో ఐడీ ఇస్తే, నంబర్లు పంచే సీక్వెన్స్‌కి ఆ సంగతి తెలియదు. అది ఇంకా ఒకటి దగ్గరే నిలబడి, అప్పటికే ఒకరికి ఇచ్చేసిన నంబరునే మళ్లీ ఇవ్వబోతుంది.

సోమవారం లైప్‌సిగ్ గోడౌన్‌లో ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. వాళ్ల మేనేజర్ వివరాలు నింపి బటన్ నొక్కితే ఎర్రగా ఎర్రర్. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఎర్రర్. విఫలమైనా సరే, ప్రతిసారీ సీక్వెన్స్ ఒక నంబరు ఖర్చు చేస్తుంది. కుర్రాడు పక్కనే బ్యాడ్జీ కోసం నిలబడి చూస్తుంటే ఆయన పట్టువదలకుండా 23 సార్లు నొక్కాడు. 24వసారి ఎక్కింది.

లాగ్ చూశాక నాకు చెమటలు పట్టాయి. సీక్వెన్స్‌ని ముందుకు జరిపే సెట్‌వ్యాల్ లైను ఒకటి చేర్చి, ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఏం ఫర్వాలేదు, మీ సిస్టమ్ కాస్త వేడెక్కాలి, అంతేగా" అన్నాడాయన. ఎంత వివరించినా నమ్మలేదు. ఇప్పటికీ ఎక్కడ ఎర్రర్ వచ్చినా, ఓపిగ్గా నొక్కుతూ ఉండమనే తన వాళ్లకు చెబుతున్నాడట.