అమ్మ, చేప నూనె గోళీలు

మొన్న అమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పేసింది. వారం తిరక్కుండానే స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయింది. 72 ఏళ్లు. నాకు టెన్షన్ పట్టుకుని ఆ రాత్రే చేప నూనె గోళీల డబ్బా ఆర్డర్ చేశాను.

మెదడు కణాల పొరల్లో ఎక్కువగా ఉండే ఒమేగా-3 కొవ్వు డీహెచ్ఏ. చేప నూనెలోనూ ఉండేది ఇదే. అదే మింగితే జ్ఞాపకం నిలబడాలి కదా? అమెరికాలో అరెడ్స్-2 ప్రయోగంలో కంటి జబ్బున్న దాదాపు 3,500 మంది పెద్దవాళ్లకు ఐదేళ్లపాటు జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి చూశారు. 2015లో ఫలితం వచ్చింది: గోళీలు వేసుకున్నా, వేసుకోకపోయినా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది నేను డబ్బా కొన్నాక చదివాను. నా తెలివి అలాంటిది.

పెద్దమ్మేమో అవిసె గింజల కారం చాలంది. కారం బాగుంటుంది, కాదనను. కానీ అందులో ఉండేది ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3, దాన్ని ఒంట్లో డీహెచ్ఏగా మార్చుకునేది చాలా తక్కువ.

అమ్మ మూడో రోజే ఎదురు తిరిగింది. "ఈ నీచు తేన్పులేంట్రా! ఆ డబ్బుతో కవళ్ల చేపలు తెస్తే పులుసు పెట్టేదాన్ని కదా." నిజమే, కవళ్లలో డీహెచ్ఏ నేరుగానే ఉంటుంది.

డాక్టర్ గారు మాత్రం నూనెల ఊసే ఎత్తలేదు. ముందు విటమిన్ బీ12, థైరాయిడ్ చూడమన్నారు, వాటిలో తేడా వచ్చినా మతిమరుపు రావచ్చట. థైరాయిడ్ తేడాగా ఉంది. ఇప్పుడు పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర.

ఆదివారం కవళ్లు తెచ్చాను. పులుసు కుతకుతలాడుతుంటే గరిట పట్టుకుని నా వైపు తిరిగింది. "ఉప్పేశానా?"

రుచి చూశాను. వేయలేదు.