నాన్న వ్యాసాలు ఎక్కడున్నాయి?

"ఇంతకీ నేను రాసింది ఎక్కడుందమ్మా?" అని నాన్న మొదటిసారి అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ల్యాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి "ఇదిగో, సైట్‌లో ఉంది నాన్నా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అది కనిపించే చోటు. ఉన్న చోటు ఏది?" అన్నారు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి. నక్షత్రం కనిపించే చోటు వేరు, అది ఉన్న చోటు వేరు అని కొన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటారు.

ఆకాశం గురించి నాన్న పాతికేళ్లుగా నోటు పుస్తకాల్లో రాసుకున్న వ్యాసాలు 143. వాటికి ఒక వెబ్‌సైట్ కట్టాలని రెండేళ్ల క్రితం వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను కోడింగ్ చదువుకోలేదు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆయన ప్రశ్నకు జవాబు వెతుకుతూనే నేర్చుకున్నాను.

మొదటి రెండు వారాలు థీమ్‌లతోనే, అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్లతోనే, గడిచాయి. ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే 'హలో వరల్డ్' పోస్టు తీసేసి, నాన్న వ్యాసాలు నాలుగు టైప్ చేసి, ఒకదాని తర్వాత ఒకటి పదకొండు థీమ్‌లు మార్చి చూశాను. మార్చిన ప్రతిసారీ రంగులు, అక్షరాలు, మెనూ అన్నీ మారిపోయేవి. వ్యాసాలు మాత్రం పొల్లు పోకుండా అలాగే ఉండేవి. వేషం మారుతోంది, మనిషి మారడం లేదు. వర్డ్‌ప్రెస్ లాంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు: రాత ఒకచోట, రూపం ఇంకోచోట. అది కళ్ల ముందే జరుగుతున్నా, అప్పట్లో నా ధ్యాసంతా రంగుల మీదే ఉంది.

తర్వాత తెలుగు అక్షరాల గొడవ వచ్చింది. చాలా థీమ్‌లలో వరసల మధ్య ఖాళీని ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా పెడతారు. మనకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. పై వరసలో వత్తు, కింది వరసలో గుడి ఒకదానికొకటి తగిలి, పెద్దవాళ్లు చదవాలంటే కళ్లు నొప్పి పుట్టేవి. థీమ్ స్టైల్ ఫైలు తెరిచి లైన్ హైట్ (వరసల మధ్య ఎడం) 1.9కి పెంచాను. శీర్షికలు, ఫోటోల కింది అక్షరాలు కూడా సరిచేశాను. మూడు వారాల పని. ఒక ఉదయం డ్యాష్‌బోర్డ్‌లో థీమ్ అప్‌డేట్ కనిపిస్తే నొక్కాను. నేను మార్చినవన్నీ పోయాయి. అప్‌డేట్ అంటే పాత థీమ్ ఫోల్డర్ తీసేసి కొత్తది పెట్టడమని అప్పుడు తెలిసింది.

దానికి విరుగుడు చైల్డ్ థీమ్. వేరే ఫోల్డర్‌లో ఒక స్టైల్ ఫైలు పెట్టి, అందులో 'టెంప్లేట్' అనే వరసలో అసలు థీమ్ ఫోల్డర్ పేరు రాసి పెట్టుకుంటే, మనం మార్చినవి ఇక్కడ పదిలంగా ఉంటాయి. అప్‌డేట్లు అసలు థీమ్‌కే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ఒక్క అక్షరం మార్చాలన్నా ముందు చైల్డ్ థీమ్ పెట్టుకోండి.

లింకుల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో రాసే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. "తోకచుక్కలకు తోక ఎందుకు వస్తుంది" అనే వ్యాసం పెట్టాను. దాని చిరునామా "తోకచుక్కలకు-తోక-ఎందుకు-వ" దగ్గర ఆగిపోయింది. ఆ "వ" ఏమిటో అర్థం కాక చాలాసేపు వెతికాను. పోస్టు చిరునామాకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలు. చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలుగా మారుతుంది. గుడి, కొమ్ము, వత్తు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 22 గుర్తులకే చోటు నిండిపోతుంది. అప్పటినుంచి పబ్లిష్ చేసేముందే చిరునామాను చేత్తో కుదించి "తోకచుక్క-తోక" లాగా పెడుతున్నాను.

కేటగిరీల దగ్గర నాన్న నాకంటే ముందున్నారు. నేను తోచిన పేరల్లా కేటగిరీగా పెట్టుకుంటూ పోయాను, ముప్పై దాటాయి. ఆయన ఒక కాగితం తీసుకుని నాలుగే రాశారు: గ్రహాలు, నక్షత్రాలు, తోకచుక్కలు-ఉల్కలు, చూసే పద్ధతులు. "మిగతావి ఏ నెలలో చూడాలి, కంటితోనా టెలిస్కోపుతోనా అన్న వివరాలు. అవి ఇంటి పేర్లు కావు, గుర్తులు" అన్నారు. కేటగిరీకీ ట్యాగ్‌కీ తేడా ఇంతకంటే బాగా నేను ఎక్కడా వినలేదు. ఇప్పుడు 'కంటితో' అనే ట్యాగ్ నొక్కితే ఏ పరికరమూ లేనివాళ్లు చదవాల్సిన 61 వ్యాసాలు ఒకేచోట వస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి ఏడాది చివర హోస్టింగ్, అంటే సైట్‌ని అద్దెకు ఉంచే సర్వర్, మార్చాల్సి వచ్చింది. ప్రతి నెలా తప్పకుండా బ్యాకప్ తీసేదాన్ని. వర్డ్‌ప్రెస్‌లో మన థీమ్‌లు, ప్లగిన్‌లు (అదనపు పనులకు చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు), ఫోటోలు ఉండే ఫోల్డర్‌ని, 2 జీబీ మొత్తం, ల్యాప్‌టాప్‌లోకి దించి ఇంకో డిస్క్‌లో కూడా పెట్టేదాన్ని. కొత్తచోట వర్డ్‌ప్రెస్ పెట్టి, ఆ ఫోల్డర్ ఎక్కించి, సైట్ తెరిచాను. ఒక్క వ్యాసం లేదు. మళ్లీ అదే 'హలో వరల్డ్' పోస్టు. ఫోటోల ఫైళ్లు సర్వర్‌లో ఉన్నా, మీడియా లైబ్రరీ ఖాళీ.

ఆ రాత్రి నాకు వచ్చిన టెన్షన్ ఇంతా అంతా కాదు. నోటు పుస్తకాలు ఉన్నాయి, నిజమే. కానీ టైప్ చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని నాన్న చెప్పిన సవరణలు, చేర్చిన పేరాలు పుస్తకాల్లో లేవు. అప్పుడు గుర్తొచ్చింది ఆయన ప్రశ్న. ఉన్న చోటు ఏది?

డేటాబేస్‌లో. నేను ఏడాది పాటు బ్యాకప్ తీయని చోట. ఫైళ్లలో ఉండేది సైట్ రూపం, ఫోటోలు. రాసిన ప్రతి మాటా, ఏ ఫోటో ఎవరిదన్న లెక్కా, సెట్టింగులూ డేటాబేస్ పట్టికల్లో ఉంటాయి. పాత హోస్టింగ్‌కి ఇంకా ఆరు రోజుల గడువు ఉంది కాబట్టి సరిపోయింది. అక్కడ డేటాబేస్‌ని చూపించే పీహెచ్‌పీ మై అడ్మిన్ అనే పరికరం తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక్క ఫైలు వచ్చింది. 9 ఎంబీ. పాతికేళ్ల రాత.

సైట్ చిరునామా కూడా మారింది కాబట్టి ఆ ఫైల్లో పాత చిరునామా ఉన్నచోటల్లా కొత్తది పెట్టి ఎక్కించాను. వ్యాసాలన్నీ వచ్చాయి గానీ పక్క పట్టీలో పెట్టుకున్నవి మాయమయ్యాయి. కొన్ని సెట్టింగుల్లో ప్రతి మాట పక్కనే దాని పొడవు ఎన్ని బైట్లో కూడా రాసి ఉంటుంది. మాట మార్చి అంకె మార్చకపోతే లెక్క తప్పుతుంది, వర్డ్‌ప్రెస్ దాన్ని చదవలేదు. ఈ లెక్కను కూడా సరిచేస్తూ మార్చే పరికరం డబ్ల్యూపీ-సీఎల్ఐలో, అంటే వర్డ్‌ప్రెస్‌ని టైప్ చేసిన ఆదేశాలతో నడిపే ప్రోగ్రాములో, ఉంది. మళ్లీ మొదటినుంచి దానితో చేస్తే పది నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు నాన్నని కూర్చోబెట్టి పోస్టుల పట్టిక తెరిచి చూపించాను. ఒక్కో వ్యాసం ఒక్కో వరస. ఒక గడిలో తేదీ, ఒక గడిలో శీర్షిక, ఇంకో గడిలో ఏ అలంకారమూ లేకుండా ఆయన వాక్యాలు, వాటి మధ్య బ్లాక్ ఎడిటర్ (వర్డ్‌ప్రెస్‌లో మనం టైప్ చేసే చోటు) పెట్టుకున్న గుర్తులు. కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చదివారు. "ఇదన్నమాట ఉన్న చోటు" అన్నారు. వెంటనే ఇంకో ప్రశ్న. "ఈ వర్డ్‌ప్రెస్ చేసేవాళ్లు మానేస్తే?"

దీనికి నా దగ్గర జవాబుంది. వర్డ్‌ప్రెస్ పుట్టిందే అలా. బీ2 అనే బ్లాగు సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసిన మిషెల్ వాల్‌డ్రిగి దాని పని ఆపేశారు. అది జీపీఎల్ లైసెన్సుతో ఉంది కాబట్టి ఎవరైనా ముందుకు తీసుకెళ్లవచ్చు. మ్యాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ ఆ కోడ్ అందుకుని 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ విడుదల చేశారు. వర్డ్‌ప్రెస్‌దీ అదే లైసెన్సు. నాన్నకి ఇది బాగా నచ్చింది. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవడం ఆయనకు తెలిసిన సైన్స్ పద్ధతి.

పోయిన నెల ఆయనకు సొంత లాగిన్ ఇచ్చాను, 'ఆథర్' హోదాతో. ఆ హోదా ఉన్నవాళ్లు తమ పోస్టులు మాత్రమే దిద్దగలరు. లాగిన్ అయి తన వ్యాసం తెరవబోతే ఎడిట్ అన్న మాటే కనిపించలేదు. అన్నీ నా లాగిన్‌తో పెట్టినవి కదా, వర్డ్‌ప్రెస్ లెక్కలో 143 వ్యాసాలూ నావే. పోస్టుల జాబితాలో అన్నిటినీ ఎంచుకుని, బల్క్ ఎడిట్‌లో ఆథర్ పేరు మార్చాను. పేజీ మళ్లీ తెరుచుకున్నప్పుడు వరసగా కింది వరకు నాన్న పేరే.

ఆయన మొదట తెరిచింది సౌరకుటుంబం మీద 2004లో రాసిన వ్యాసం. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోని మరుగుజ్జు గ్రహంగా మార్చింది గానీ, నోటు పుస్తకంలో 'తొమ్మిది గ్రహాలు' అనే ఉంది, నేనూ అలాగే టైప్ చేశాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'ఎనిమిది' అని కొట్టి అప్‌డేట్ నొక్కారు. "పాత మాట పోయిందా?" అని అడిగారు. పాత రూపాలు దాచి ఉంచే రివిజన్స్ తెరిచాను. ఎడమ వైపు ఎర్రగా 'తొమ్మిది', కుడి వైపు పచ్చగా 'ఎనిమిది'.

"ఇది ఎక్కడుంటుంది?"

"అదే పట్టికలో నాన్నా, ఇంకో వరసలో."

"సరే, రెండూ ఉండనీ" అని తర్వాతి వ్యాసం తెరిచారు.