2.15 అంటే రెండెకరాల పదిహేను గుంటలు

పరకాల వైపు ఒక ఊళ్లో, రైతుల భూమి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాక చీటీలు పంచుతుంటే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, నా తొమ్మిది గుంటలు ఎటుపోయినయ్?" అని అడిగాడు. ఆయన ఫారంలో 2.15 అని ఉంది. మా చీటీలో రెండెకరాల ఆరు గుంటలని వచ్చింది.

మన దగ్గర పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ చుక్క తర్వాత ఉండేది గుంటలు, నలభై అయితే ఎకరం. నేను రాసిన ప్రోగ్రాం మాత్రం దాన్ని దశాంశంగా తీసుకుని, హెక్టార్లలోకి మార్చి, 0.87 అని డేటాబేస్‌లో పెట్టేసింది, ఫారంలో ఏం రాశారో ఎక్కడా ఉంచలేదు. తొమ్మిది గుంటలంటే 1,089 గజాలు! ఆయన గొంతులో కోపం కూడా లేదు, భయమే ఉంది. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

వెనక్కి లెక్కేసి సరిచేద్దామంటే కుదరలేదు. చదువుకునే పిల్లలు నింపిన ఫారాల్లో 2.5 అంటే నిజంగానే రెండున్నర ఎకరాలు, అదే రెండున్నరను పెద్దవాళ్లు 2.20 అని రాస్తారు. హెక్టార్లు ఒక్కటే మిగిలాక ఏది ఎవరి లెక్కో ఎట్లా తెలుస్తుంది? మూడు రోజులు ఫారాల కట్టలు విప్పి ఒక్కొక్కటి చూశాను. కాగితాలు పారేయలేదు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు ఫారంలో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో పెడుతున్నాను, అదీ టెక్స్ట్‌గానే, ఎందుకంటే నంబర్‌గా పెడితే 2.20 కాస్తా 2.2 అయి, చూసినవాళ్లు రెండెకరాల రెండు గుంటలనుకుంటారు. పక్క కాలమ్‌లో యూనిట్: ఎకరం-గుంట, దశాంశ ఎకరం, గజాలు, ఏదైతే అది. మొత్తాలు కూడటానికి చదరపు మీటర్లు వేరే కాలమ్‌లో ఉంటాయి, అవి ఎప్పుడైనా మళ్లీ లెక్కకట్టుకోవచ్చు. మార్పిడి సరిగ్గా చేసినా చిల్లర పోతుంది మరి: ఆయన 95 గుంటలు 0.96 హెక్టార్లయితే, తిప్పితే 94.89 గుంటలే వస్తాయి. రైతుకు అట్లాంటి అంకె చూపించడం నాకు తప్పనిపిస్తుంది.

కొత్త చీటీ ఇచ్చినప్పుడు పెద్దాయన కింద ఉన్న మీటర్ల లెక్క వైపు చూడనేలేదు. 2.15 మీద వేలు పెట్టి, "ఆఁ, గిది నాది" అన్నాడు.