కడప ఆకాశవాణి ఆడిషన్: ముందు పాటల జాబితా సరిచూసుకోండి

కడప ఆకాశవాణిలో లలిత సంగీతం ఆడిషన్‌కి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఎంపిక కాలేదు. రెండోసారి ఎంపికై బి గ్రేడ్ వచ్చింది. ఈ మధ్యలో నా గొంతేమీ మారలేదు, మారింది నేను రాసిచ్చిన పాటల జాబితా. అందుకే ఎవరైనా సాధన ఎలా చేశావని అడిగితే, ముందు నీ జాబితా చూపించు అంటున్నాను.

మనకిష్టమైన పాట ఒకటి పాడేసి వచ్చేద్దామంటే కుదరదు. మనం రాసిచ్చిన వాటిలోంచి ఏది అడిగితే అది పాడాలి. సినిమా పాటలు పనికిరావు. మొదటిసారి నేను ఎనిమిది పాటలు రాశాను. మూడు బాగా వచ్చు, రెండు పర్వాలేదు, మిగతా మూడూ అంకె నింపడానికి రాసినవి. మైకు ముందు నిలబడ్డాక బాగా వచ్చిన పాట ఒకటి పాడించుకుని, వెంటనే ఏడోది అందుకోమన్నారు. పల్లవి బాగానే వచ్చింది. రెండో చరణంలో మాట మర్చిపోయి, మొదటి చరణమే మళ్ళీ పాడాను. ప్రొద్దుటూరు బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ రెండో చరణమే నోట్లో ఆడింది, ఒక్క తప్పు లేకుండా.

రెండోసారి ఎనిమిది పాటలు తేల్చుకోవడానికే నెల పట్టింది. పొద్దున లేచి మొహం కడుక్కోగానే ఫోన్‌లో శృతి పెట్టుకుని, చరణంలో అన్నిటికంటే పైకి వెళ్ళే లైను ఒక్కటే పాడి చూసేదాన్ని. గొంతు ఇంకా తెరుచుకోని ఆ సమయంలో కూడా ఆ లైను బిగదీయకుండా పలికితేనే పాట ఉంచాను. సాయంత్రం, గంట సాధన తర్వాత, ఏ పాటైనా బాగానే వస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

నా శృతి అయిదు, అంటే హార్మోనియం మీద అయిదో తెల్లమెట్టు. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడేటప్పుడు ఒక పాట నాలుగులో, ఇంకో పాట ఆరులో పాడేయడం అలవాటైపోయింది. కీబోర్డులో ఒక్క మీట నొక్కితే సరిపోతుంది కదా. తబలాతో అలా కాదు. మీరు చెప్పిన శృతికి తబలాను సుత్తితో తట్టి తట్టి కలుపుకుంటారు. పాటపాటకీ శృతి మారిస్తే వాళ్ళకీ కష్టం, మీ చెవికీ కష్టం. ఎనిమిదీ ఒకే శృతిలో వచ్చేలా చూసుకోండి.

ఈ లెక్కలో నేను బాధపడి తీసేసిన పాట అన్నమయ్య కీర్తన ‘ముద్దుగారే యశోద’. చిన్నప్పుడే అందరం నేర్చుకుంటాం కాబట్టి సులువనుకుంటాం. అది కురంజి రాగం. కింద మంద్ర నిషాదం (కింది ని) నుంచి పైన మధ్యస్థాయి ధైవతం (ద) దాకానే నడుస్తుంది, తారషడ్జం (పై స) తగలదు. మామూలు శృతిలో పాడితే గొంతు కిందే ఉండిపోతుందని మధ్యమ శృతిలో పాడతారు. అంటే మన మధ్యమమే (మ) షడ్జం (స) అవుతుంది. తంబూరాలో పంచమం తీగను మధ్యమానికి దించాలి, తబలా మళ్ళీ కలపాలి. ఆ కాసేపట్లో నా చెవిలో ఉన్న శృతి చెదిరిపోయేది. అన్నమయ్య ఊరు తాళ్ళపాక మన రాజంపేట పక్కనే, అన్నమయ్య కీర్తన లేకుండా జాబితా ఇవ్వడానికి మనసొప్పలేదు. మామూలు పంచమ శృతిలోనే పాడే ఇంకో కీర్తన వెతుక్కుని నేర్చుకున్నాను.

ఇంకో తప్పు కూడా దిద్దుకున్నాను. పాత జాబితాలో ఆరు పాటలు విషాదమే, అన్నీ నెమ్మదిగా సాగేవే. ఈసారి దేశభక్తి, ప్రకృతి, భక్తి, జానపద ధోరణి అన్నీ ఉండేలా, నడక కూడా మారేలా ఎంచుకున్నాను.

మాట విషయానికొస్తే, మన సీమ యాస మీద నాకు చాలా ప్రేమ. కానీ మాట్లాడేటప్పుడు మన నోట్లో ఒత్తులు తేలిపోతాయి. ‘ధన్యం’ అనబోతే ‘దన్యం’ అంటాం. మైకు దాన్ని దాచదు. రోజూ పోతన భాగవతం నుంచి ఒక పద్యం రాగం లేకుండా, గట్టిగా, ఒత్తులన్నీ పలుకుతూ చదివేదాన్ని. పాట కాగితం మీద ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. మాట మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరిగిపోతుంది, వినేవాళ్ళకి అది ముందు తెలుస్తుంది.

స్టూడియో నిశ్శబ్దం కూడా ముందే అలవాటు చేసుకోండి. గుడి మంటపంలో పాడితే గోడలు మన గొంతును తిరిగి ఇస్తాయి. స్టూడియో గోడలు మింగేస్తాయి. మొదటిసారి నా గొంతు నాకే సన్నగా, పరాయిగా వినిపించి, టెన్షన్‌లో గట్టిగా పాడేశాను. ఆ తర్వాత ఇంట్లో పరుపులు, బొంతలు పెట్టే చిన్న గదిలో తలుపేసుకుని పాడాను. మే నెల ఉక్కలో అక్కడ అరగంట కూర్చోవడం కష్టమే, కానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

బస్సులో కిటికీ పక్క కూర్చోకండి, వేడిగాలికి గొంతు ఎండిపోతుంది. వీలైతే ముందురోజే కడపలో చుట్టాలింట్లో దిగండి.

రెండోసారి నన్ను మూడోదీ ఆరోదీ పాడమన్నారు. జాబితాలో ప్రతి పాట పక్కనా శృతి, తాళం రాసుకుని వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే తబలా ఆయన తల ఎత్తి ‘ఏం శృతిమ్మా?’ అన్నారు. ‘అన్నీ అయిదే సార్’ అన్నాను.