మాటకంటే ముందు స్వరం

కడపలోని మా ఇంట్లో తాతగారు పద్యనాటకాలకు వాయించిన హార్మోనియం ఇప్పటికీ ఉంది. మూడేళ్లు దాటినా సరిగా మాటలు రాని మా అన్న కూతురు దాని ముందు కూర్చుని, తిత్తి తనకు అందదు కాబట్టి నన్ను ఊదమని సైగ చేసి, గుడి మైకులో విన్న పాట పల్లవిని ఒక్క వేలితో వెతుక్కుంటుంది.

ఆ పిల్లను చూసినప్పుడల్లా నాకు పియానో విద్వాంసురాలు క్లారా వీక్ (పెళ్లయ్యాక క్లారా షూమన్) బాల్యం గుర్తుకొస్తుంది. 1819లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టిన క్లారాకు నాలుగేళ్లు దాటేదాకా మాటలు రాకపోవడంతో, చెవుడేమోనని కూడా అనుమానించారు. తల్లి గాయని, తండ్రి ఫ్రీడ్రిక్ పియానోలు అమ్ముతూ పాఠాలు చెప్పేవాడు. వారు విడిపోయాక, ఐదేళ్ల వయసు నుంచి క్లారా తండ్రి దగ్గరే పెరిగింది. ఆయన స్వరలిపి జోలికి పోకుండా మొదట చెవితోనే నేర్పించాడు. మన గురువుల పద్ధతీ అదే కదా! 1828లో, తొమ్మిదేళ్ల వయసులో, ఆమె లైప్‌జిగ్‌లోని కచేరీ మందిరం గెవాండ్‌హౌస్‌లో పియానో వాయించింది.

నన్ను కలవరపెట్టేది మాత్రం ఆమె దినచర్య పుస్తకం. అందులో ‘నేను’ అని ఉన్నచోట కూడా చాలా ఏళ్లు రాసింది తండ్రే. అంటే మాటలు ఆలస్యంగా వచ్చిన ఆ పిల్ల తరఫున, కాగితం మీద కూడా మరొకరే మాట్లాడారన్నమాట.

నిన్న సాయంత్రం మా పిల్ల పల్లవిలో ఒక మెట్టు తప్పింది. సరిదిద్దబోయిన నా వేలిని పక్కకు నెట్టేసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.