1914 బోస్టన్ బ్రేవ్స్: అట్టడుగు నుంచి పైకి

బేస్‌బాల్ పాత సీజన్లలో నాకు ప్రాణం అంటే 1914 బోస్టన్ బ్రేవ్స్ జట్టుదే, ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. జూలై 4కి వీళ్ళు అమెరికాలోని రెండు పెద్ద బేస్‌బాల్ లీగ్‌ల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఆఖరి స్థానం, పైనున్న న్యూయార్క్ జెయింట్స్‌కి 15 గేమ్‌లు (గెలుపోటముల తేడాని బట్టి వేసే లెక్క) వెనక. ఎవరైనా ఆశ వదిలేసుకుంటారు కదా. కానీ మేనేజర్ జార్జ్ స్టాలింగ్స్ వదల్లేదు, ఆయనకి నమ్మకాలు కూడా మామూలుగా ఉండేవి కావు, డగౌట్ (ఆటగాళ్ళు కూర్చునే చోటు) ముందు చిన్న కాగితం ముక్క కనపడినా అపశకునం అనుకునేవాడట, అలాంటి మనిషే అవతలి పిచ్చర్ (బంతి విసిరేవాడు) కుడిచేతి వాడా ఎడమచేతి వాడా అని చూసుకుని అతని బంతికి తగ్గట్టు బ్యాటింగ్ చేయగల ఔట్‌ఫీల్డర్లని (మైదానం దూరపు భాగంలో కాపు కాసేవాళ్ళని) మార్చి మార్చి ఆడించాడు, ఆ రోజుల్లో అది చాలా ముందుచూపు అనిపిస్తుంది నాకు.

పిచ్చింగ్ అయితే డిక్ రుడాల్ఫ్, బిల్ జేమ్స్, లెఫ్టీ టైలర్, ముగ్గురే మోసేశారు. రుడాల్ఫ్ 26 మ్యాచ్‌లు, జేమ్స్ కూడా 26 గెలిచారు! రెండో బేస్‌లో జానీ ఎవర్స్, పక్కనే షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసేవాడు) పొట్టి కుర్రాడు రాబిట్ మారాన్‌విల్, బంతి గాల్లోకి లేస్తే నడుము దగ్గర గ్లవ్ దోసిలిలా పట్టి అందుకునేవాడు.

చివరికి 94 గెలుపులు, జెయింట్స్ కంటే పదిన్నర గేమ్‌లు ముందు. రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో అందరూ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌దే అనుకున్నారు, వీళ్ళేమో వరసగా 4 మ్యాచ్‌లూ కొట్టేశారు, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) హ్యాంక్ గౌడీ బ్యాటింగ్ సగటు .545, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో సగానికి పైగా హిట్లే. సొంత మైదానం చాలక బోస్టన్‌లో సిరీస్ మ్యాచ్‌లు ఫెన్‌వే పార్క్‌లో ఆడారు, ఆ పార్క్ ఇప్పటికీ ఉంది, ఆ గడ్డి మీదే ఇదంతా జరిగిందని తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.