రేడియోలో గళ్లు గీయలేం

ఆదివారం అనుబంధాల్లో పదకేళి నింపుతూ పెరిగినదాన్ని. అందుకే మా ఏరియా కమ్యూనిటీ రేడియోవాళ్లు తెలుగు అరగంటకు మాటలాట ఒకటి చేసిపెట్టమంటే, ఇదెంత పని అనుకున్నాను. బెంగళూరులో, అందులోనూ మారతహళ్లి వైపు తెలుగువాళ్లకు కొదవా? 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినబడదు. అయినా చాలు.

పది ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. కలగాపులగం చేసిన అక్షరాలు చదివి అసలు మాట చెప్పమనేవే అందులో సగం. మొదటిది వినగానే కార్యక్రమం చూసే ఆయన, "మేడమ్, మీరు ఐదో అక్షరం చెప్పేసరికి మొదటిది మర్చిపోయాను" అన్నారు. పైగా ఆలోచించుకోవడానికి నేను పది సెకన్లు వదిలాను. "స్టేషన్ ఆగిపోయిందనుకుని వేరేది పెట్టుకుంటారు." అదీ నిజమే.

ఇంటికొచ్చి అత్తయ్యను పరీక్షకు కూర్చోబెట్టాను. కూర్చోబెట్టానంటే, ఆవిడ పొయ్యి దగ్గర, నేను గుమ్మంలో. చేతిలో పని ఆపకుండా జవాబు చెప్పగలిగితేనే ఆ ప్రశ్న ఉంచాలి. "గడపను తిరగేస్తే?" "పడగ." చారులో పోపు వేస్తూనే చెప్పేశారు. "కలపను?" "పలక." "ఎటు నుంచి పలికినా మారని కూరగాయ?" "టమాట." కిటికీ దగ్గర పేచీ వచ్చింది. వికటకవిలాగే ఇదీ ఎటైనా ఒకటే అని ఆవిడ. చివర దీర్ఘం ఉంది, తిరగేస్తే కీటికి అవుతుందని నేను. "వినడానికి తేడా ఏముందమ్మా?" అన్నారు. కొట్టేశాను. కల, కళ జంట కూడా పోయింది. గబగబా పలికితే రెండూ ఒకటే.

అసలు ఇది మనకు కొత్తేమీ కాదు. అవధానంలో పృచ్ఛకుడు ఫలానా అక్షరం వద్దనడం, అవధాని దాన్ని దాటుకుంటూ పద్యం చెప్పడం, అంతా చెవి మీదే నడుస్తుంది. గళ్లకు అలవాటుపడి నేనే మర్చిపోయాను.

చివరికి నిలిచింది ఇది: "ఊరంత మాట, అక్షరాలు మూడే. మొదటిది తీస్తే మసాలా, నడిమిది తీస్తే ఒంట్లో ఉంటుంది, చివరిది తీస్తే ఒంటిమీద ఉంటుంది." జవాబు నగరం. గరం, నరం, నగ. రెండుసార్లు చదివి పాట వేశాం. ఆలోచించుకునే టైమ్‌కి పాట పెట్టడం ఆయన ఐడియా.

పాట అయ్యేలోగా మూడు ఫోన్లు. మూడోది ఇక్కడే పుట్టి, కన్నడ మీడియంలో చదువుతున్న అమ్మాయి. "నగర" అంది.

"చివర సున్నా ఏదమ్మా?"

"ఎందుకాంటీ? నర అంటే నరమే, నగ అంటే నగే. సరిపోయింది కదా?"

కన్నడలో నిజంగానే సరిపోతుంది. నాకే ఓ క్షణం మాట రాలేదు. "మరి మసాలా?" అన్నాను.

అటు నుంచి చప్పుడు లేదు. పక్కనున్నాయన గడియారం చూసి, కంగారుగా ఇంకో పాట పెట్టేశారు.